వాలంటీర్ డైవ్ టీములో చేరాలా వద్దా? మునిగిపోయినవాళ్లను వెతికే పని గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మునగకాయ_సాంబారు:

అందరికీ నమస్కారం. మేముండేది అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరు. ఉద్యోగం అందరిలాగే సాఫ్ట్‌వేరు. నాలుగేళ్ల కిందట అండమాన్ వెళ్లినప్పుడు హేవ్‌లాక్‌లో సరదాకి స్కూబా నేర్చుకున్నాను. ఆ పిచ్చి అక్కడితో వదల్లేదు, ఇక్కడికొచ్చాక అడ్వాన్స్‌డ్ కూడా పూర్తి చేశాను. ఇప్పటికి 40 డైవులు అయ్యాయి.

మా కౌంటీ షెరీఫ్ ఆఫీసు, అంటే ఇక్కడి జిల్లా పోలీసుల కింద ఒక వాలంటీర్ డైవ్ టీము ఉంది. చెరువుల్లో మునిగిపోయినవాళ్లను, నీళ్లలో పడిన కార్లను వెతికి తీస్తారు. కొత్తవాళ్లు కావాలని గ్రోసరీ షాపు బోర్డు మీద కాగితం అంటించారు. జీతం లేదు, శిక్షణ వాళ్లే ఇస్తారట. వచ్చే సోమవారం మీటింగు. నాకు వెళ్లాలనుంది.

ఇంట్లో మాత్రం యుద్ధం. మా పాపకి రెండేళ్లు. మా ఆవిడ మూడు రోజుల నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. పొరపాటున అమ్మకి ఫోన్లో చెప్పాను. "ఎవరి శవాలో మొయ్యడానికా నిన్ను అంత దూరం పంపింది?" అని పెట్టేసింది.

అసలు ఈ పని ఎలా ఉంటుంది? నిజంగా ఎవరినైనా బతికిస్తారా, లేక శవాలు తీయడమేనా? నా 40 డైవుల అనుభవం సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

బెజవాడ_బుల్లోడు:

పేరులోనే "మునగ" పెట్టుకుని సలహా అడుగుతున్నావంటే ధైర్యమే బాబూ.

జోకు పక్కన పెడితే రెండు ముక్కలు. లైఫ్ ఇన్సూరెన్స్ దరఖాస్తులో స్కూబా చేస్తావా అని అడుగుతారు, దాచకు. రేపు ఏమన్నా అయితే నీ భార్యే వాళ్లతో కొట్లాడాలి. రెండు, వాలంటీరుకి దెబ్బ తగిలితే కౌంటీ ఖర్చు పెట్టుకుంటుందా లేదా అన్నది కాగితం మీద రాయించుకో. నోటి మాట నమ్మకు. వీసా మీద ఉంటే ముందు లాయర్ని అడుగు. మిగతా విషయం నాకు తెలీదు, నాకు బాత్‌టబ్బే లోతు.

లంకలపిల్ల:

మునగకాయ గారూ, నేను మిన్నెసోటాలో ఇలాంటి టీములోనే పదకొండేళ్ల నుంచి ఉన్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను డైవర్ని కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడుగుకి దిగలేదు. ఒడ్డున తాడు పట్టుకునే మనిషిని. ఇక్కడ టెండర్ అంటారు. వయసు 52. పగలంతా పన్నుల లెక్కలు రాసుకునే ఉద్యోగం.

పుట్టింది కోనసీమలో ఓ లంక. మా నాన్న పడవ నడిపేవాడు. నాకు ఈత రాకముందే ముడి వెయ్యడం నేర్పాడు. ఈ టీములోకి మాత్రం ఉప్మా వల్ల వచ్చాను. మా ఇంటి వెనక చెరువులో ఒకసారి రాత్రంతా వెతికారు. తెల్లారగట్ల చలికి వణుకుతూ నిలబడ్డవాళ్లని చూడలేక గిన్నెడు ఉప్మా, ఫ్లాస్కు కాఫీ పట్టుకెళ్లాను. వాళ్ల పడవ గాలికి కొట్టుకుంటుంటే గిన్నె కింద పెట్టి గుంజకి కట్టేశాను. టీము పెద్దాయన ముందు ఆ ముడి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఉప్మా ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేదు.

ఇక మీ ప్రశ్నలు. బతికిస్తారా అంటే, చాలా అరుదు. మొదటి గంట మేం బతికించే పని కిందే లెక్కేస్తాం. ఎందుకంటే గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో, అదీ పిల్లల విషయంలో, ఒక్కోసారి ఊహకందనివి జరుగుతాయి. 1986లో యూటాలో రెండున్నరేళ్ల పాప 66 నిమిషాలు చల్లటి నీళ్ల అడుగున ఉండి కూడా బతికింది. వైద్య పత్రికల్లోకి ఎక్కిన కేసు అది. అందుకే మొదటి గంట పరుగు. కానీ ఫోన్ వచ్చి, మేం ఇళ్ల నుంచి బయల్దేరి, సూటు తొడుక్కుని దిగేసరికే ఆ గంటలో చాలా భాగం కరిగిపోతుంది. గంట దాటాక పని మారిపోతుంది. అక్కణ్ణుంచి తొందర లేదు. పోయినవాళ్ల కోసం బతికున్నవాణ్ణి పణం పెట్టం. చీకటి పడినా, పిడుగులు పడుతున్నా, నీరు మరీ పారుతున్నా ఆపేస్తాం. ఒడ్డున కూర్చున్న తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను.

మీ 40 డైవులు. తప్పుగా అనుకోకండి, అండమాన్‌లో మీరు చూడ్డానికి దిగారు. ఇక్కడ కళ్లు దేనికీ పనికిరావు. అడుగు బురద కాలు తగిలితే చాలు లేస్తుంది, టార్చి వేస్తే పాలలో లైటు వేసినట్టే. మా డైవర్లలో చాలామంది కింద కళ్లు మూసుకునే పని చేస్తారు. తెరిస్తే కనపడటం లేదన్న కంగారు ఎక్కువవుతుందట. చేతులతో తడుముకుంటూ వెళ్లడమే. చెట్టు కొమ్మలు, నాచు, ఎవరో తెంపుకుపోయిన గాలం తీగలు. చుట్టుకుంటే కోసుకోవడానికి కత్తి, కత్తెర రెండూ ఉంటాయి, రెండూ ఏ చేతికైనా అందేచోట. మీటింగుకి వెళ్లేముందు ఒక పని చెయ్యండి. మాస్కు అద్దానికి నల్ల కాగితం అంటించి, ఇంకొకరిని గట్టున కాపలా పెట్టుకుని, స్విమ్మింగ్ పూల్లో పది నిమిషాలు అడుగున తడుముకుంటూ తిరగండి. మీకేమనిపించిందో మీకే తెలుస్తుంది.

వెతకడం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? నీళ్లలో కాదు, ఒడ్డున చూసినవాళ్ల దగ్గర. ఒక్కొక్కరిని విడివిడిగా, ఆ సమయంలో వాళ్లు ఎక్కడ నిలబడి చూశారో సరిగ్గా అక్కడికే తీసుకెళ్లి "ఎక్కడ?" అని అడుగుతాం. అందరూ "అదిగో అక్కడ" అంటారు. నీళ్ల మీద దూరం ఎవరికీ తెలీదు. అందుకని మా మనిషిని ఒకణ్ణి తల మాత్రమే పైకి కనపడేలా ఈదిస్తాం. "ఆ తల ఇంతే కనపడిందా? ఇంకా అవతలా? ఇవతలా?" అని అడుగుతాం. ఇద్దరు చూపించిన గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ గుర్తుగా నీళ్ల మీద తేలే బోయా వేస్తాం. నిలకడ నీళ్లలో మునిగిన మనిషి సాధారణంగా ఎక్కువ దూరం పోడు, ఉజ్జాయింపుగా ఎంత లోతో మునిగిన చోటి నుంచి అంత దూరంలోపే ఉంటాడు. ఇప్పుడు సోనార్ వచ్చింది, పడవ వెనక చేపలా ఈడుస్తుంటే అడుగు బొమ్మ తెర మీద పడుతుంది, సగం పని అదే చేస్తుంది. పూర్వం అయితే మన బావిలో బకెట్ పడిపోతే వేసే పాతాళ గరిగె లాంటి కొక్కేలే. కానీ సోనార్‌కి దుంగ కూడా మనిషిలాగే కనపడుతుంది. చివరికి వెళ్లి తాకి చూడాల్సింది మనిషే.

డైవర్ ఒక్కడు దిగితే, ఒడ్డున సూటు వేసుకుని, సిలిండర్ తగిలించుకుని, మాస్కు ఒక్కటి తొడుక్కోవడం మిగిలిన రెండోవాడు కూర్చుని ఉండాలి. కిందవాడికి ఏదైనా అయితే క్షణాల్లో దిగడానికి. వాడి వెనక మూడోవాడు. ప్రతి ఒక్కరికీ ఒక తాడు మనిషి. ఇంతమంది లేకపోతే మా పెద్దాయన ఎవరినీ దిగనివ్వడు. మీ కౌంటీ టీములో ఎంతమంది ఉంటే దిగుతారో సోమవారం మొదట అదే అడగండి. "ఇద్దరుంటే చాలు" అంటే ఆ మీటింగులో కాఫీ తాగేసి ఇంటికొచ్చెయ్యండి.

మైల సంగతి అందరూ అడుగుతారు, మీ అమ్మగారి మాటలోనూ అదే ఉంది. తీసినరోజు గరాజులోంచి నేరుగా బేస్‌మెంట్లోకి పోయి తలస్నానం చేస్తాను, మర్నాటిదాకా దేవుడి గదిలోకి వెళ్లను. మా అత్తగారు మహా మడి మనిషి, ఈవిడ ఏమంటుందోనని హడలిపోయాను. "అనాథ ప్రేత సంస్కారం కోటి యజ్ఞాల ఫలం అన్నారు, ముందు అన్నం తిను" అంది. అంతే. ఇంట్లో ఎవరు ఎలా తీసుకుంటారో మనం ముందే అనుకోకూడదు.

దేవీపట్నం_రేవు:

లంకలపిల్ల గారూ, మీ పోస్టు చూసి మా కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు గోదావరిలో కచ్చులూరు దగ్గర వరద సుడిలో తిరగబడింది. బోటులో ఉన్న 77 మందిలో బయటపడింది 26 మందే. డైవ్ టీము, సూటు, సిలిండరు ఏవీ లేవు. ఒడ్డునున్న ఊళ్ల గిరిజనులు తమ పడవలు వేసుకుని ఆ వరదలోకే వెళ్లి అందినవాళ్లని అందినట్టు లాగారు. నిజమైన వాలంటీర్లు అంటే నాకు వాళ్లే.

తర్వాత ఎన్డీఆర్ఎఫ్, నేవీ అందరూ వచ్చారు. బోటు రెండొందల అడుగుల పైన లోతులో, వరదలో, సుడుల మధ్య. చివరికి కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి లాగింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కిందికి దిగి తాడు తగిలించాకే పని అయ్యింది. అక్టోబర్ 22న బోటు బయటికి వచ్చింది. లోపల ఇంకా కొన్ని శవాలు. ఆ ఐదు వారాలూ రాజమండ్రి ఆసుపత్రి దగ్గరా, ఏటి గట్టునా నిలబడ్డవాళ్ల మొహాలు నేను చూశాను. శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలంటారు పంతుళ్లు. కొడుకుని పోగొట్టుకున్నవాళ్ల చేతిలో గడ్డి బొమ్మ పెట్టి నిప్పంటించమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే మునగకాయ బ్రదర్, శవాలు తియ్యడమేనా అని తేలిగ్గా అనకు.

ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోండి. మన దగ్గర పుష్కరాలకి గాని, కాలవలో ఎవరైనా పడ్డప్పుడు గాని గజ ఈతగాళ్లు నడుముకి తాడు బిగించి ముడేసుకుని దిగుతారు. చెరువులో సరే. పారే నీళ్లలో అది ఉరితాడే. మనిషి ఎక్కడో తట్టుకుని ఆగిపోతే, తాడు ఇటు లాగుతుంది, నీరు అటు తోస్తుంది, మనిషి కిందికి పోతాడు. ఒక్క లాగుతో ఊడొచ్చే బెల్టు ఉంటేనే తాడు కట్టాలి. మా వాడొకడు కాలవలో అలా చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు.

లంకలపిల్ల:

దేవీపట్నం గారు చెప్పింది అక్షరాలా నిజం. మేమూ పారే నీళ్లకి వేరే బెల్టు వాడతాం, వేరే శిక్షణ. ఆ వార్తలు నేను ఇక్కడ అర్ధరాత్రి దాకా కూర్చుని చూశాను. మా ఏరు కదా.

మునగకాయ_సాంబారు:

అందరికీ ధన్యవాదాలు. దేవీపట్నం అన్నా, తేలిగ్గా అనలేదు, తెలీక అడిగాను, ఏమీ అనుకోకు.

లంకలపిల్ల గారూ, టీము పెద్దాయనకి ఫోన్ చేశాను. మొదటి ఏడాది నన్ను దింపరట, తాడు పట్టుకోవాలట. కాస్త నిరాశగా ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి, సొంత సామాను ఉన్నవాణ్ణి, ఏడాది ఒడ్డున నిలబెట్టడం ఏంటి? తాడు పట్టుకోవడంలో అంత ఏముంటుంది? మిమ్మల్ని తక్కువ చేసి అనడం లేదు, నిజంగా అర్థం కాక అడుగుతున్నా.

లంకలపిల్ల:

అడిగారు కదా, చెబుతాను. ఆ పెద్దాయన మంచివాడు. మీరు ఆ టీములో చేరవచ్చు.

కిందున్న డైవర్‌కి తను ఎక్కడున్నాడో తెలీదు. తిన్నగా పోతున్నా అనుకుంటాడు, గుండ్రంగా తిరుగుతుంటాడు. నేను ఒడ్డున ఒకచోట నిలబడి తాడు బిగువుగా పడతాను. ఆ బిగువు ఆసరాతో అతను అర్ధచంద్రాకారంలో ఒక కొస నుంచి ఇంకో కొసకి తడుముకుంటూ పోతాడు. కొసకి రాగానే నేను రెండుసార్లు లాగుతాను, తిరగమని. ఒక మూర తాడు లోపలికి తీసుకుంటాను, అతను మళ్లీ వెనక్కి. మళ్లీ రెండు లాగులు, మళ్లీ మూర. చీర కుచ్చిళ్లు పోసినట్టు అడుగంతా మడత మీద మడత చూసుకుంటూ రావాలి. నేను తాడు వదులు చేశానా, అతను ఒక మూర పక్కకి జరిగిపోతాడు. ఆ మూరలోనే మనిషి ఉండొచ్చు. చూసేశాం అని మేం పలక మీద గీత కొట్టేసిన చోటే మూడో రోజు దొరికితే ఆ తప్పు డైవర్‌ది కాదు, నాది. అలా ఒకసారి జరిగింది. అంతకుమించి ఆ సంగతి రాయలేను.

సైగలు మా టీములో ఇలా, టీము టీముకీ తేడా ఉంటుంది. నేను ఒకసారి లాగితే "బాగున్నావా", అతను ఒకసారి తిరిగి లాగితే "బాగున్నా". అతను రెండు లాగితే తాడు కావాలని. మూడు లాగితే దొరికిందని. నాలుగు, అంతకన్నా ఎక్కువైతే ఆపద, రెండోవాడు దూకాలి. మాస్కులో మైకులు ఉన్నాయి, కానీ అవి ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. తాడు మొరాయించదు. గాలి ఎంత మిగిలిందో, దిగి ఎన్ని నిమిషాలయిందో రాసుకునేది నేనే. బుడగలు లెక్కపెట్టేదీ నేనే. ఊపిరి వేగం పెరిగిందని అతనికంటే ముందు నాకు తెలుస్తుంది. ఎక్కువైతే అతను వద్దన్నా పైకి రప్పిస్తాను. చలికాలం అయితే మంచు పలకలో మూడు మూలల కన్నం కోస్తాం, మూలలో మోచేతులు ఆనించుకుని పైకి లేవడం సులువని. ఆ కన్నం తప్ప అతనికి పైకి ఇంకో దారి లేదు. ఆ కన్నానికి దారి నా చేతిలో ఉంటుంది.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. ఎప్పుడు, ఏ చెరువు అన్నది చెప్పను.

వేసవి సాయంత్రం. మన పిల్లలే, పై చదువులకొచ్చినవాళ్లు, అద్దె పడవలో సరదాగా వెళ్లారు. ఒకబ్బాయి టోపీ ఎగిరి పడిందని దూకాడు. ఈత వచ్చనుకున్నాడు. లైఫ్ జాకెట్ పడవలోనే ఉంది, కవరు కూడా విప్పలేదు. మేం వెళ్లేసరికి గంటన్నర. ఒడ్డున బల్ల మీద అల్యూమినియం ట్రేలో పులిహోర, దాని మీద ఈగలు. స్నేహితులు నా మొహం చూసి "ఆంటీ తెలుగా?" అన్నారు. అవునన్నాను. అప్పుడే డైవర్ దిగాడు, తాడు నా చేతిలో ఉంది.

వాళ్లలో ఒకడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. అవతల ఆ అబ్బాయి నాన్న. అక్కడ ఇంకా తెల్లవారలేదు. నా రెండు చేతులూ ఖాళీ లేవు, నేను ఫోన్ తీసుకోలేను. ఆ పిల్లవాడు స్పీకర్ పెట్టి నా చెవి దగ్గర పట్టుకున్నాడు. "అమ్మా, మీరు తెలుగువాళ్లంట కదా. మావోడికి ఈత రాదమ్మా. ఊళ్లో చెరువు ఉన్నా దిగనియ్యలేదు నేను. దొరికిండా అమ్మా?" అన్నాడు. సరిగ్గా అప్పుడు తాడు లాగింది. ఒకటి. రెండు. మూడు.

మా నియమం ఏమిటంటే, ఇంటివాళ్లకి ఆ మాట చెప్పాల్సింది షెరీఫ్ ఆఫీసు మనిషి. బయటికి తీసి, చూసి, నిర్ధారించుకున్నాక. తాడు పట్టుకున్నవాళ్లు కాదు. "ఇంకా వెతుకుతున్నారండీ" అన్నాను. "మంచిదమ్మా, వెతకండమ్మా" అన్నాడాయన. నా గొంతు మారలేదు. చెయ్యి మాత్రం వణికి ఉంటుంది, కిందున్న డైవర్ ఒకసారి లాగాడు, బాగున్నావా అని. అడగాల్సింది నేను, అడిగింది అతను. పైకొచ్చాక దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

నీళ్లలోనే సంచిలో పెట్టి జిప్పు వేసి తెస్తారు. ఒడ్డున ఉన్నవాళ్లకి కనపడకుండా పడవని అడ్డం పెట్టాం. ఇరవై నిమిషాలకి ఆఫీసరు ఆ తండ్రితో మాట్లాడాడు, నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఇందాక అబద్ధమాడిన గొంతు ఇదేనని ఆయన గుర్తుపట్టాడో లేదో నాకు తెలీదు. అడగలేదు.

మీరు ఏడాది ఒడ్డున నిలబడితే, రెండో ఏడాది దిగినప్పుడు పైన తాడు పట్టుకున్న మనిషి ఎవరో, ఎలాంటివాడో తెలుసుకుని దిగుతారు. అది తెలియకుండా దిగకండి.

బెజవాడ_బుల్లోడు:

ఏం రాయాలో తెలీడం లేదు ఆంటీ. మా రూమ్‌మేట్లు శనివారం కయాక్ అద్దెకి తీసుకున్నారు. లైఫ్ జాకెట్లు కవర్లలోంచి తీయించి వేయించే పూచీ నాది.

మునగకాయ_సాంబారు:

నిన్న రాత్రి మా ఆవిడకి థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. ఫోన్ దగ్గరికొచ్చేసరికి నేను ఆగిపోతే మిగతాది తనే చదువుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాపని పడుకోబెట్టి వచ్చి, "ఒడ్డునే కదా, ఏడాది" అంది. ఒప్పుకుందో లేదో నాకు పూర్తిగా అర్థం కాలేదు. పొద్దున్న టిఫిన్ దగ్గర మాత్రం, "ఆవిడ్ని అడుగు, చలికాలం తాడు పట్టుకునేటప్పుడు చేతులకి ఏం వేసుకుంటారో. నీకు అసలే చేతులు పగులుతాయి" అంది. అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

లంకలపిల్ల:

మీ ఆవిడకి నా మాటగా చెప్పండి. లావుపాటి మంచు గ్లౌజులు వద్దు, తాడు మాట వినపడదు. లోపల పల్చటి ఉన్నివి, వాటి మీద చేపలు పట్టేవాళ్లు వాడే రబ్బరు పూతవి. పైవి ఒక సైజు పెద్దవి కొనమనండి, లేకపోతే వేళ్లకి రక్తం ఆడదు. తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత కోటు లోపల పెట్టుకోవాలి, వెచ్చగా ఉంటాయి. పగుళ్లకి రాత్రి కొబ్బరినూనె రాసి పాత సాక్సులు తొడుక్కుని పడుకోమనండి. పనికి ముందు మాత్రం నూనె రాయొద్దు, తాడు జారుతుంది.